తీసిన చేయి, ఏరిన కన్ను

1839వ సంవత్సరము మార్చి 3వ తేదీన గుజరాతులోని నవసారి పట్టణమున జంషెట్జీ టాటా జన్మించెను. ఆ సంవత్సరమే ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున, డాగెర్ అను చిత్రకారుడు సాధించిన ఛాయాగ్రహణ విధానము లోకమునకు వెల్లడి చేయబడెను. ఒక మహాపురుషుని జననమునకును, ఒక కళయొక్క జననమునకును గల ఈ సమవయస్కత కేవలము కాకతాళీయమే అయినను, ఆ మహాపురుషుని పేర 1919లో జంషెడ్‌పూర్ అని నామకరణము పొందిన ఉక్కునగరములో, సిద్ధగోరా పేటలో, మెడకు కెమెరా తగిలించుకొని పండుగకును పబ్బమునకును బయలుదేరు మన తెలుగువారిని చూచినపుడెల్ల ఆ సంవత్సరము నాకు స్ఫురణకు వచ్చుచుండును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఉపాధి వెదకికొనుచు వచ్చి, కర్మాగారములో చేరి, తరతరములుగా ఇచ్చటనే స్థిరపడిన కుటుంబములు ఈ ఊరిలో ఎన్నో కలవు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరమును, కద్మాలోని ఆంధ్ర సంఘమును వారి ఉమ్మడి కష్టార్జితములు. తాతల చేతిలో పార ఉండెను. తండ్రుల చేతిలో క్రేను మీట ఉండెను. ఈ తరమువారి చేతికి కెమెరా వచ్చినది.

కెమెరా వచ్చినదన్నచో పోటీయు వెంటనే వచ్చును. పర్యావరణ దినమునకు ఒకటి, ఛాయాగ్రహణ దినమునకు ఒకటి, పూజా సంఘములవారిది ఒకటి, పత్రికలవి కొన్ని, సలోన్లనబడు అంతర్జాతీయ ప్రదర్శన పోటీలు మరికొన్ని: ఏడాది పొడుగునా ప్రకటనలు వెలువడుచునే యుండును, ప్రవేశ రుసుములు చెల్లింపబడుచునే యుండును, ఫలితముల జాబితాలో మనవారి పేర్లు కానరాకుండుటయు అంతే నియతముగా జరుగుచుండును.

మా వీధిలో ఒక మిత్రుడున్నాడు. రోలింగు మిల్లులో షిఫ్టు డ్యూటీలు చేసి చేసి పదవీ విరమణ పొందిన తరువాత, దాచుకొన్న సొమ్ములో కొంత వెచ్చించి మంచి కెమెరా కొనుక్కొన్నాడు. మొన్న ఒక పోటీ ఫలితములు వచ్చిన సాయంకాలము మా అరుగుమీద కూర్చుండి, ఫోనులోని జాబితాను పైనుండి క్రిందికిని, క్రిందినుండి పైకిని చూచుకొని, "ఈసారి కూడా మనది లేదన్నయ్యా. చలిలో నాలుగింటికి లేచి దోమొహానీ పోయి తీసిన ఫోటో అది. మంచు విడిచేదాకా మోకాలి లోతు నీళ్లలోనే నిలబడ్డాను" అన్నాడు. ప్రక్కనే చిక్కుడుకాయలు ఒలుచుచున్న నా భార్య అతని చేతిలోని ఫోను పుచ్చుకొని, కొంతసేపు తదేకముగా చూచి, "ఇందులో నేను దేన్ని చూడాలి, అన్నయ్యగారూ?" అని అడిగినది. అందులో సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమున్నది, మంచున్నది, రెండు పడవలున్నవి, వంతెన ఉన్నది, ఒక కొంగ ఉన్నది, గట్టున పండ్లు తోముకొనుచున్న మనిషి ఉన్నాడు. ఆమె ప్రశ్నకు అతడు చెప్పిన సమాధానమంతయు చలిని గురించియే.

ఔత్సాహికుల వరుస అపజయములకు మూలము సాధారణముగా ఇచ్చటనే ఉన్నదని నా దృఢవిశ్వాసము. ఫోటో తీయుటకు పడిన శ్రమ, వేచిన వేళ, నడచిన దూరము, ఆ క్షణమున ఒడలు పులకరించిన అనుభవము, ఇవన్నియు తీసినవాని స్మృతిలో ఆ చిత్రమునకు అంటుకొని యుండును; న్యాయనిర్ణేతకు మాత్రము నాలుగంచుల నడుమ ఉన్నది తప్ప వేరొకటి కానరాదు. కాకి పిల్ల కాకికి ముద్దన్న సామెత ఇట్టి మమకారమును గురించియే పుట్టినది. కెమెరా నాసిరకమనియు, లెన్సు చాలదనియు, నిర్ణేతలు తమవారికే కట్టబెట్టినారనియు మనసును సమాధానపెట్టుకొనుట సులభము. కాని పలుమారులు ఓడినవాని కంప్యూటరు తెరచి చూచినచో, పోటీకి పంపిన చిత్రములకంటె మేలైనవి పంపక విడిచినవాటిలో పడియుండుట తరచుగా కంటబడును. తీయుట వచ్చినవారు అనేకులు. తీసినవాటినుండి ఒకదానిని నిర్దాక్షిణ్యముగా ఏరుట వచ్చినవారు అరుదు. గెలుపునకు దారి ఈ రెండవ విద్యలో ఉన్నది. ఈ విద్యకు ఖరీదైన లెన్సుతో పనిలేదు.

దీనికి ఛాయాగ్రహణ చరిత్రలో ఒక ప్రసిద్ధ దృష్టాంతము కలదు. ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అను అమెరికా దేశీయుడు బెర్లిన్‌లో విద్యార్థిగా ఉన్న కాలమున, లండన్‌నుండి వెలువడు 'అమెచ్యూర్ ఫోటోగ్రాఫర్' పత్రిక జరిపిన పోటీకి, ఇటలీలోని బెలాజియోలో నవ్వుచున్న పిల్లల చిత్రమును పంపి 1887లో ప్రథమ బహుమానము పొందెను. నిర్ణేత పీటర్ హెన్రీ ఎమర్సన్. స్టూడియో తెరలముందు కృత్రిమముగా కూర్చుండబెట్టి తీయు పద్ధతిని ఖండించి, సహజత్వమే ఈ కళకు ప్రాణమని వాదించిన వాడు. పంపినవాడు ఎంత నేర్పరియో, చూచినవాడును అంత తగినవాడు. ఎవరు చూడబోవుచున్నారో తెలిసికొని పంపుట మోసము కాదు, వివేకము.

అంతకంటెను మనకు అక్కరకు వచ్చునది ఆయన స్వదేశమునకు మరలిన తరువాతి ఉదంతము. 1893వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన న్యూయార్కు నగరమున మంచు తుఫాను వీచుచుండగా, ఫిఫ్త్ అవెన్యూలో మూడు గంటలసేపు నిలిచి, ఎదురుగాలిలో వచ్చుచున్న గుర్రపుబండిని చేతి కెమెరాతో పట్టెను. ఆ నెగెటివును చూచిన తోటి ఔత్సాహికులు మసకగా ఉన్నదని పెదవి విరిచి, పారవేయుమని సలహా ఇచ్చిరి. స్టీగ్లిట్జ్ దానిని పారవేయలేదు. అట్లని యథాతథముగా ప్రదర్శించనూ లేదు. అంచులలోనున్న అనవసర భాగమును చాల మేరకు పరిహరించి, బండిని, మంచులో అది దున్నుకొని వచ్చిన చాళ్లను, వాటిపైకి కమ్ముకొని వచ్చుచున్న తెల్లని విసురును మాత్రమే నిలిపి ముద్రించెను. మూడు గంటల నిరీక్షణ ఆ చిత్రమునకు ముడిసరకు మాత్రమే. చిత్రము నిజముగా సిద్ధించినది బల్లమీద, పనికిరానిదానిని ఆయన విడిచిపెట్టగలిగినపుడు. మా మిత్రుని సంగమ చిత్రములో పడవ ముక్కు, దానిపై కొంగ, వెనుక తెరవలె మంచు, ఈ మూడు మాత్రమే మిగిలిన చిన్న చతురస్రము ఒకటి దాగియున్నది. వంతెనను విడువలేక అతడు దానిని పోగొట్టుకొన్నాడు.

నిర్ణయము జరుగు తీరు

ఏరుట ఎట్లో తెలియవలెనన్న, నిర్ణేతల గదిలో ఏమి జరుగునో ముందు తెలియవలెను. అంతర్జాతీయ సలోన్లకు ప్రామాణికత నొసగు సంస్థలలో 1934లో ఏర్పడిన అమెరికా ఫోటోగ్రాఫిక్ సొసైటీయు, 1950లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున ఏర్పడిన ఫియాప్ అను సమాఖ్యయు ముఖ్యములు. వీటి నియమముల క్రింద జరుగు సలోన్లలో సాధారణముగా ముగ్గురు నిర్ణేతలు కూర్చుందురు. చిత్రములు ఒకదానివెంట నొకటి తెరమీదికి వచ్చును. ఒక్కొక్కరు ఒక్కొక్క అంకె వేయుదురు. మూడంకెల మొత్తమును బట్టి ఆ చిత్రము ప్రదర్శనకు అర్హమగును, లేదా తొలగిపోవును. చిత్రములు వేలసంఖ్యలో వచ్చును గనుక తొలి పరిశీలనలో ఒక్కొక్కదానికి దక్కునది కొన్ని క్షణములే. ఈ క్షణములలో కంటిని నిలుపని చిత్రమునకు రెండవ చూపు లేదు. ఈ మెట్టు దాటినవాటిని మరల తెచ్చి, ఒకదానిప్రక్క నొకటి పెట్టి, దీర్ఘముగా చూచి, బహుమతులు నిర్ణయింతురు. అప్పుడు, తొలి చూపులో మెరసినను మలిచూపున క్రొత్తగా చెప్పునదేమియు లేని చిత్రము జారిపోవును.

కాబట్టి బహుమతి పొందగోరు చిత్రము పరస్పర విరుద్ధములని తోచు రెండు పరీక్షలలో నెగ్గవలసి యున్నది: క్షణములో అర్థము కావలెను, నిమిషము చూచినను తరగకుండవలెను. మొదటి పరీక్షకు ఒక సులభోపాయమున్నది. చిత్రమును తపాలా బిళ్లంత చేసి తెరమీద చూడుడు. అంత చిన్నదైనను ఆకారము నిలిచి, కన్ను నేరుగా ఒక చోటికి పోయినచో కట్టుబడి సరిగా ఉన్నట్లు. రెండవ పరీక్షకు ఉపాయము కాలమే. సాక్చీలోనో గోల్మూరీలోనో పోస్టుకార్డు సైజు ప్రింటు తీయించి, అద్దము ప్రక్కన గోడకు అంటించి, ఒక నెల రోజులు పోవుచు వచ్చుచు చూడవలెను. మొదటి వారములోనే కంటికి చప్పబడినది నిర్ణేత కంటికిని అట్లే చప్పబడును. గడువు చివరి రాత్రి, ఆ ఉదయము తీసిన చిత్రమును ఆవేశముగా పంపువారు ఈ పరీక్షను తమకు తాముగా ఎగవేయుచున్నారు.

చెరువులో రెండు ఫోటోలు

సిద్ధగోరాలో సూర్యమందిరమును, దాని చెంత చెరువును ఉన్నవి. కార్తీక శుద్ధ షష్ఠినాటి సాయంకాలము ఛఠ్ వ్రతము పట్టిన స్త్రీలు అస్తమించు సూర్యునకును, మరునాటి ఉదయము ఉదయించు సూర్యునకును ఇచ్చట అర్ఘ్యమిత్తురు. ముప్పదియారు గంటలు పచ్చి మంచినీరు ముట్టక నడుము లోతు నీటిలో నిలుచు ఆ తల్లులను చూచినపుడు చేయెత్తి మ్రొక్కని వారుండరు. కెమెరా ఎత్తనివారును ఈ దినములలో అరుదు. ఆ సాయంకాలము తీసిన రెండు ఫోటోలను ఇచ్చట విడమరచి చెప్పదలచితిని. రెండును ఒక్కరే తీసినవి, పావుగంట ఎడముతో.

మొదటిది ఎత్తైన గోడనెక్కి తీసినది. చెరువు నలుదిక్కుల జనము, విద్యుద్దీపముల తోరణములు, బ్యానర్లు, పైకెత్తిన ఫోనులు, చెరకు గడలు, దూరమున ఎర్రని సూర్యబింబము. గోడ నెక్కుటలో మోచేయి గీరుకొనిపోయినది గనుక తీసినవారికి దీనిపై మక్కువ ఎక్కువ. దృశ్యము మహత్తరమే. కాని ఇట్టి మహత్తర దృశ్యము ఆ సాయంకాలమే పాట్నా గంగాఘట్టమున, ఢిల్లీ యమునా తీరమున, ముంబయి జుహూ సముద్రతీరమున వేలమంది కెమెరాలలో ఇట్లే పడినది. నిర్ణేత దీనిని ఏటేట చూచుచునే యున్నాడు.

రెండవది నీటి అంచున మోకాళ్లమీద కూర్చుండి తీసినది. ఒక వ్రతి రెండు చేతులతో వెదురు చేటను ఎత్తిపట్టినది. చేటలో అరటిహస్తము, కొబ్బరికాయ, ఠేకువా అను పిండివంట, అంచున ఒక ప్రమిద. ముక్కుకొననుండి పాపిటవరకు నారింజవన్నె సిందూరము. కన్నులు మూసికొని యున్నవి. సూర్యుడు అరటిపండ్ల చాటున ఉండుటచే పండ్ల అంచులు బంగారుతీగలవలె వెలుగుచుండగా, చేట అడుగునుండి నీటిబొట్లు రాలుచున్నవి. ఎడమ అంచునుండి ఒక పసివాని చేయి మాత్రము, మనిషి కానరాడు, లోటాతో పాలు వంచుచు చిత్రములోనికి వచ్చినది. ఆ చేయియే ఈ చిత్రమునకు ప్రాణము. మొదట కన్ను దీపముపై నిలుచును. తరువాత మూసిన రెప్పలపైకి పోవును. మూడవ చూపున గాని ఆ చేయి తెలియదు. తెలిసిన తరువాత ఎవరి బిడ్డయో, ఎవరు ఎత్తుకొని యున్నారో, తల్లికి తెలియునో తెలియదో అని మనసు చిత్రము వెలుపలికి కూడ ప్రయాణించును. నిమిషము చూచినను తరగకుండుట యనగా ఇదియే.

ఇంతటితో ఏరుట ముగియలేదు. ఆ ఒక్క క్షణమును కెమెరా ముప్పదికి పైగా ఫోటోలుగా పట్టినది. ఒకదానిలో పాలధార ప్రమిదను కప్పివేసినది. ఒకదానిలో ధార తెగినది. ఒకదానిలో ఆమె కన్నులు సగము తెరచుకొన్నవి. ఒకదానిలో అన్నియు కుదిరినవి గాని కుడి మూలలో నీలిరంగు ప్లాస్టికు సంచి తేలుచు వచ్చినది. ఆ సంచిని కంప్యూటరులో తుడిచివేయుట చిటికెలో పని. కాని జర్నలిజము విభాగమునకు పంపదలచినచో అది నిషిద్ధము. ఫోటో తీయునపుడే కన్నును నాలుగు మూలలకు త్రిప్పి, ఒక్క అడుగు ఎడమకు జరిగినవానికి ఈ బాధ ఉండదు. చివరకు మిగిలినది ఒక్కటే; ధార తెగక, దీపము మరుగుపడక, నీటిబొట్టు చేట అంచున వ్రేలాడుచున్నది. తీసినవారు దానిని పంపక గోడమీదినుండి తీసినదానిని పంపిరి.

తగ్గింపులో పెరిగిన కళ

పూర్వులకు ఈ విషయమున మనకంటె ఒక సౌకర్యముండెను: వారికి దారిద్ర్యమే గురువు. మీరట్ సమీపమున సర్ధనాలో 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ప్రభుత్వ మరామతు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదిరిన లాలా దీనదయాళ్, ముప్పదియేండ్ల వయసున 1874లో కేవలము సరదాకొరకు కెమెరా పట్టెను. కొలువు చేసికొనుచు తీరికవేళ సాధన చేసిన ఆ ఔత్సాహికుడే కాలక్రమమున ఉద్యోగము మానుకొని, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదము పొంది, 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తన చిత్రములను పంపి ఖ్యాతి గడించెను. 1905లో ఆయన దివంగతుడగునాటికి తెలుగునాట ఆయన పేరెరుగని సంస్థానము లేదన్నను అతిశయోక్తి కాదు. ఆయన పనిముట్టు గాజు పలక. పలక బరువు; దానిని మోయుటకు కూలీలు కావలెను; రసాయనములకు ఖర్చు; ఎండలో పాడగునన్న భయము. ఒక పలకకు వెలుగు చూపుటకు ముందే, ఎచ్చట నిలువవలెను, ఏ గంటకు స్తంభముల నీడ ఎచ్చట పడును, ఎవరిని ముందు నిలుపవలెను అన్న ఎన్నిక అంతయు మనసులో జరిగిపోవలసినదే. ఆయన గాజు నెగెటివులు అనేకము నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రపరుపబడి యున్నవి. ఆ ముద్రణములలో భవనముల నిలువు గీతలు ఎంత నిక్కముగా నిలిచియుండునో, అంచులయందు వృథా స్థలము ఎంత తక్కువయో చూచినవారికి, తీయుటకు ముందే ఏరుట యనగా ఏమో బోధపడును.

మనకు ఆ దారిద్ర్యము లేదు. మీట నొక్కి పట్టినచో సెకనుకు ఇరవై ఫోటోలు వచ్చును. ముందు జరుగవలసిన ఎన్నిక తరువాతికి వాయిదా పడినది. తరువాత జరుగవలసిన ఎన్నిక, అలసట చేత, అసలే జరుగుట లేదు. అందువలన ఒక నియమమును స్వయముగా విధించుకొనుట మేలని నా అభిప్రాయము: ఒక సాయంకాలమునకు పది ఫోటోలకు మించి తీయరాదు. చేతికి ఈ కట్టుబాటు వచ్చిన కొలదినాళ్లకే కంటికి ఓర్పు వచ్చును.

ఓర్పునకు తగిన విషయము దగ్గరలోనే ఉండవలెను. బహుమతులకై నందగావ్ హోలీకిని, పుష్కర్ ఒంటెల సంతకును, కాశీ ఘట్టములకును రైలెక్కువారు మన ఊరిలోను కలరు. పోయిరావచ్చును, తప్పు లేదు. కాని అచ్చట ఒక్కొక్క సాధువు ముందు పది కెమెరాలు నిలిచియుండగా, రెండు దినములు ఉండి వచ్చినవానికి దక్కునది సాధారణముగా పదకొండవ ఫోటో. జంషెడ్‌పూర్‌వాసికి మాత్రమే దక్కునది వేరొకటున్నది. రాత్రివేళ కర్మాగారమున కరిగిన స్లాగు పారబోసినపుడు ఆకాశము ఒక్కసారిగా నారింజవన్నె తిరుగుట ఈ ఊరి పాతకాపులందరు చిన్ననాట చూచి పెరిగినదే. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు పోసిన నాటినుండి ఈ నేలకు ఆ వెలుగు అలవాటు. ఆ వెలుగు ఎవరి ముఖముపై పడును? 'సి' షిఫ్టుకు సైకిలుపై పోవువాని ముఖముపైనా, ఆరుబయట గిన్నెలు తోముకొను ఇల్లాలి చేతులపైనా, మకర సంక్రాంతికి టుసు బొమ్మను ఏటికి తీసికొనిపోవు పడుచుల గుంపుపైనా? మార్చి 3వ తేదీన దీపములతో నిండు జూబిలీ పార్కును ఊరంతయు తీయును. 1958లో నెహ్రూగారు ప్రారంభించిన నాటినుండి అది తీయబడుచునే యున్నది. ఆ దీపములు ఆరిన మరునాటి ఉదయము తీగలు చుట్టుకొను కూలీలను తీసినవారిని నేను చూడలేదు. ఇట్టివి ఒక్కరోజు అతిథికి కానరావు. ఏండ్లతరబడి అదే దారిన నడచువానికి కానవచ్చును.

నియమములను చదువని గెలుపు

ఒక విషయమున మాత్రము మనవారు నిర్లక్ష్యము చేయుట నాకు నిజముగా బాధ కలిగించును. నియమావళిని చివరివరకు చదువరు. ప్రకృతి విభాగమునకు పైన చెప్పిన అమెరికా సొసైటీయు, ఫియాపును, 1853లో లండన్‌లో స్థాపితమైన రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీయు కలసి ఒకే నిర్వచనమును అంగీకరించినవి. దాని ప్రకారము చిత్రములో లేనిదానిని చేర్చుట, ఉన్నదానిని తీసివేయుట, జరుపుట నిషిద్ధములు. పెంపుడు జంతువులు పనికిరావు. దల్మా కొండలలో ఏనుగును తీసి, అడ్డముగా ఉన్న కొమ్మను కంప్యూటరులో తుడిచి పంపినవాడు ఎంత గొప్ప చిత్రము తీసినను అనర్హుడే. అంచును కత్తిరించుట తప్పు కాదు, లోపలిదానిని తుడుచుట తప్పు.

ఇది చిల్లర పట్టింపు కాదని తెలుపు ఉదాహరణలు పెద్ద పోటీలలోనే కలవు. లండన్ సహజచరిత్ర మ్యూజియమువారి వన్యప్రాణి ఛాయాచిత్ర పోటీలో 2009లో, గేటుపైనుండి దుముకుచున్న తోడేలు చిత్రమునకు అగ్రబహుమానము లభించెను. ఆ తోడేలు మచ్చికైనదై యుండవచ్చునని నిర్ణేతలు భావించుటచే 2010 జనవరిలో బహుమానము రద్దయ్యెను. అదే పోటీలో 2017లో గెలిచిన ఒక చిత్రములోని చీమలభక్షకము పొట్టు కూరిన కళేబరమై యుండునని తేల్చి 2018లో దానిని తొలగించిరి. 2023లో సోనీ ప్రపంచ పోటీలో ఒక విభాగమున గెలిచిన బోరిస్ ఎల్డాగ్సెన్ అను జర్మనీ కళాకారుడు, తన చిత్రము కృత్రిమ మేధతో పుట్టినదని తానే ప్రకటించి బహుమానమును నిరాకరించెను. ఆ మరుసటి యేడు మైల్స్ ఆస్ట్రే అను ఛాయాగ్రాహకుడు, తల కానరానట్లుగా నిలిచిన నిజమైన ఫ్లెమింగో ఫోటోను వేరొక పోటీలోని కృత్రిమ మేధా విభాగమునకు పంపి, గెలిచి, సత్యమును వెల్లడించి అనర్హుడయ్యెను. ఈ సంఘటనలనంతరము మూల ఫైలును చూపుమని అడుగు పోటీలు పెరిగినవి. కావున కెమెరాలో 'రా' అను మూల ఫైలును భద్రపరచుకొనుట నేడు విధాయకము. ఫోనుతో తీయువారు సైతము అసలు ఫైలును వాట్సాపులో పంపుకొని తరువాత చెరిపివేయరాదు.

తక్కిన చిన్నవిషయములను త్వరగా చెప్పి ముగింతును. అడిగిన కొలతకు మించిన ఫైలు పంపరాదు. మూలలో పేరు ముద్రించుకొన్న చిత్రమును పలు పోటీలు తిరస్కరించును. శీర్షిక కవిత్వముగా కాక విషయమును చెప్పునదై యుండవలెను. ప్రకటనలో 'శ్రమ' అని విషయమిచ్చినచో, చెమటోడ్చు ముఖమును పంపువారే అధికులు గనుక, పని ముగించి చేతులు కడుగుకొనుచున్నవానిని పంపువాడు నిర్ణేతకు విశ్రాంతి నిచ్చిన వాడగును. అన్నింటికంటె ముఖ్యము, హక్కుల నిబంధన. వచ్చిన చిత్రములన్నియు, ఓడినవి సైతము, నిర్వాహకుల సొత్తగునని వ్రాసిన పోటీలు కలవు. అట్టివి నిజముగా పోటీలు కావు, ఉచితముగా ఫోటోలు పోగుచేసికొను మార్గములు. వాటికి దూరముగా ఉండుడు.

ఒక్క చిత్రముతో గాక చిత్రముల సముదాయముతో పరీక్షించు పద్ధతియు ఒకటున్నది. ఏరు విద్యకు దానికి మించిన వ్యాయామము నాకు తెలియదు. రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీవారు లైసెన్షియేట్ అను తొలి మెట్టుకు 10 చిత్రములును, దాని పైదానికి 15 చిత్రములును అడుగుదురు. ఆ పదియు ఒకే గోడపై, ఒకే మనిషి చూపుగా నిలువవలెను. ఒక్కటి తక్కువైనను మిగిలిన తొమ్మిదింటిని అది క్రిందికి లాగును. కోరుట్లలో 1939లో జన్మించి, ఆదివాసుల జీవనమును తన కెమెరాకు ప్రధాన విషయముగా చేసికొని, ఆ సొసైటీ ఫెలోషిప్పు నందుకొని, హైదరాబాదున ఛాయాగ్రహణ విద్యాలయము నడిపి, 2011లో కీర్తిశేషులైన బండి రాజన్‌బాబుగారి కృషిని తలచినచో, ఒకే విషయమును ఏండ్లతరబడి విడువక పట్టుకొనుటలో గల బలము అర్థమగును. పదిమంది మెచ్చిన పది వేరువేరు ఫోటోలకంటె, ఒకే బస్తీలో పది ఋతువులలో తీసిన పది ఫోటోలు గోడమీద ఎక్కువ మాట్లాడును.

సిద్ధగోరాలోని ఔత్సాహికులకు, తెలుగువారైనను, బెంగాలీలైనను, బిహారీలైనను, సంతాలులైనను, నేను చేయదలచిన ప్రతిపాదన ఒకటున్నది. నెలకొక ఆదివారము ఎవరో ఒకరి క్వార్టరులో కలియుదము. ఒక్కొక్కరు మూడే ప్రింట్లు, పోస్టుకార్డు సైజులో, పేరు లేకుండ తేవలెను. వాటిని తాడునకు క్లిప్పులతో వరుసగా తగిలించి, ప్రతి చిత్రము ముందును అందరు నిలిచి, తమకు మొదట ఏమి కానవచ్చెనో, తరువాత ఏమి కానవచ్చెనో చెప్పవలెను; తీసినవారు మాత్రము ఆ సంభాషణ ముగియువరకు నోరు మెదపరాదు, ఎప్పుడు లేచినారో, ఎంత దూరము నడచినారో చెప్పరాదు. ఇంటిలోని ఆడవారిని, పిల్లలను, ప్రక్కింటి పెద్దలను తప్పక పిలువవలెను. లెన్సు పేర్లు తెలియనివారి చూపే మనకు కావలసినది. చివరకు ఒక్కొక్కరు తమ మూడింటిలో రెండింటిని తాడునుండి దించివేసి, మిగిలిన దానిని మాత్రమే రాబోవు పోటీకి పంపవలెను. మా మిత్రుడు ఇప్పటికే ఒప్పుకొన్నాడు; తొలి సమావేశమునకు తాడు, క్లిప్పులు తాను తెత్తుననియు, పడవ ముక్కును, కొంగను మాత్రము నిలిపి సంగమము ఫోటోను మరల ప్రింటు తీయింతుననియు చెప్పినాడు. చోటు మా అరుగు. ఛఠ్ ముగిసిన తరువాత వచ్చు మొదటి ఆదివారము, ఉదయము పది గంటలకు.